మూతల పేజీ

మా తండాలో నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటారు. అంటున్నప్పుడు నేను కాదనను. నిజానికి నేను చేసేది వేరు. ఖమ్మంలో జగదీష్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీ తరఫున లాప్‌టాప్ వీపున తగిలించుకుని బండి మీద ఊరూరా తిరుగుతాను. కొట్లలో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌ను ఎవరికి కావలసినట్టు వాళ్లకు మార్చిపెడతాను. సాఫ్ట్‌వేర్ ఒకటే, కోరికలే కొట్టుకొక తీరు. బట్టల కొట్టాయనకు బిల్లు చివర సున్నా పడకూడదు. ఫ్యాన్సీ షాపావిడకు పొద్దున మొదటి బిల్లు మీద అమ్మవారి బొమ్మ రావాలి. చెప్పుల కొట్టాయన అయితే జతలో ఒకటి పోయి మిగిలిన ఒంటి చెప్పులను కూడా స్టాకులో చూపించమన్నాడు. ఎవరికి అమ్ముతావయ్యా అని అడగాలని నోటిదాకా వచ్చింది. "అయిపోతుందండీ" అన్నాను. రోజుకు యాభై సార్లు అనే మాట అది.

నా పేరు కోటేష్. మాది కల్లూరు పక్క తండా. నాకు కోపం జల్దీ వస్తుంది, పని నెమ్మదిగా జరుగుతుంటే చూడలేను. ఈ రెండు గుణాలనూ చాలాకాలం నేను తెలివి అనుకున్నాను.

పినపాక దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు మీద నాలుగు కొట్లున్న చిన్న సెంటరులో వీరబాబు గారి పురుగుమందుల కొట్టు ఉంది. వాళ్ల నాన్న కాలంలో రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. చుట్టుపక్కల కోయగూడేల వాళ్లంతా విత్తనానికీ మందుకూ ఆయన దగ్గరికే వస్తారు. కొత్తగా కంప్యూటరు కొన్నాడు, బిల్లింగు పెట్టమన్నాడు. ఏ కొట్టుకు వెళ్లినా మొదట ఒక గంట ఊరికే కూర్చుని అక్కడ అమ్మకం ఎలా జరుగుతుందో చూడటం నా పద్ధతి. ఆ రోజూ స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కా జేబులోంచి నీలం ప్లాస్టిక్ మూత ఒకటి తీసి కౌంటర్ అద్దం మీద పెట్టాడు. నోరు విప్పలేదు. ఆయన వెనక ఒకామె కొంగు ముడి విప్పి ఎర్ర మూత తీసింది. మందు పేరు ఎవరూ చెప్పరు. ఆ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, కంపెనీ వాళ్లకే నోరు తిరగదు. పోయినసారి పనిచేసిన మందు సీసా మూతను దాచిపెట్టుకుని, మళ్లీ కావలసి వచ్చినప్పుడు తెచ్చి చూపిస్తారు. మా అమ్మ సక్రి కూడా అంతే. మా ఇంట్లో తలుపు పక్క గూట్లో ఎప్పుడూ నాలుగైదు మూతలు ఉండేవి. ఆడుకోవడానికి ఒకటి తీసినందుకు నేను తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి.

కౌంటర్‌లో పుష్పలత అని ఒక అమ్మాయి ఉండేది. ఇరవై రెండేళ్లు, ఇంటర్ పాసైంది. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇప్పలగుంపు అనే కోయగూడెం వాళ్లది. మూత చూడగానే ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు వేసేది, వచ్చిన మనిషిని బట్టి కోయలోనో తెలుగులోనో. ఏ పంటకు? ఏం పట్టింది? జవాబు విన్నాకే ర్యాకు దగ్గరికి నడిచేది. ఎందుకంటే ఒకే కంపెనీ ఒకే రకం మూతను రెండు మూడు మందులకు బిగిస్తుంది.

నేను మూతలన్నిటికీ ఫొటోలు తీశాను. స్క్రీను మీద వాటన్నిటినీ వరుసగా పేర్చి ఒక పేజీ తయారుచేశాను. మూత ఫొటో నొక్కితే, ఆ మూత ఉన్న మందుల పేర్లు కిందికి దిగుతాయి. ఎక్కువ అమ్ముడయ్యేది పైన ఉంటుంది. కావలసిన పేరు నొక్కితే బిల్లు వస్తుంది, మందు ఏ ర్యాకులో ఉందో నంబరు వస్తుంది. వీరబాబు గారు చూసి, "నీ బుర్రకి దండం పెట్టాలయ్యా కోటేశూ" అన్నాడు. జగదీష్ సార్ విని, అదే పేజీని కల్లూరు, సత్తుపల్లి, నేలకొండపల్లిలో ఉన్న మన మందుల కొట్లకు కూడా పెట్టమన్నాడు. పెట్టాను. చదువుకోని మనుషుల కోసం నేనొక్కణ్నే ఆలోచించానని నాకు గర్వంగా ఉండేది.

నవంబరులో మిర్చికి తామర పురుగు పడింది. ఒకరోజు పొద్దున కల్లూరు బస్టాండు పక్కన టీ తాగుతుంటే వీరబాబు గారు ఫోన్ చేశాడు.

"లైను రోడ్డు మీదకొచ్చేస్తోందయ్యా. ఈ పిల్ల ఒక్కొక్కళ్లతో ముచ్చట్లు పెట్టుకుని కూర్చుంటోంది. మూత నొక్కగానే పైనున్న మందు తిన్నగా బిల్లైపోవాలి. స్టాకు అయిపోయిందనుకో, దాని కింద ఉన్నది రావాలి. వచ్చినోడెవడూ ఒట్టి చేతుల్తో పోకూడదు."

"అయిపోతుందండీ" అన్నాను. టీ కొట్టు బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి పావుగంటలో చేశాను. రెండు సార్లు నొక్కి చూశాను, బాగానే ఉంది. మళ్లీ మళ్లీ పని లేకుండా మిగతా మూడు మందుల కొట్లకు కూడా అప్పుడే పంపించేశాను. రెండు ప్రశ్నలను ఆయన ముచ్చట్లు అన్నాడు. నాకూ అలాగే తోచింది.

పన్నెండు రోజుల తర్వాత, బుధవారం నాడు, మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది. వెంటనే రమ్మన్నాడు, ఒక రిపోర్టు కావాలన్నాడు. మూడు గంటలు బండి నడుపుకుంటూ వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. కౌంటర్‌లో పుష్పలత లేదు. వీరబాబు గారే కూర్చుని ఉన్నాడు.

"ఇప్పలగుంపులో ముత్తక్కని ఒకావిడ ఉందయ్యా. మొగుడు లేడు. రెండెకరాలు మిర్చేసింది. పోయిన గురువారం తామర పురుగు మందు కోసం వస్తే ఈ మహాతల్లి గడ్డిమందిచ్చి పంపింది. శుక్రవారం కొట్టిందంట. ఆదివారానికి చేను చేనంతా మాడిపోయింది. గూడెం గూడెం వచ్చి నా కొట్టు ముందు కూర్చుంది. రేపు వ్యవసాయ ఆఫీసరొస్తున్నాడు. నేను చెప్పేశాను, ఇచ్చింది మీ పిల్లే, నేను కాదు, ఇవాళే మాన్పించేశానని. నాకు కాయితం కావాలి. ఆ బిల్లు ఎవరు కొట్టారో పేరుతో సహా ఉండాలి."

కంప్యూటరు ముందు కూర్చున్నాను. గురువారం పది నలభై రెండుకు కొట్టిన బిల్లు దొరికింది. కొట్టిన వాళ్ల పేరు దగ్గర పుష్పలత అని ఉంది. మందు పేరు దగ్గర కలుపును మాడ్చే గడ్డిమందు పేరే ఉంది. పిల్ల పొరపాటు పడింది అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, కొట్టువాళ్లకు కనిపించని, మా కంపెనీ వాళ్లం మాత్రమే చూసే లోపలి రికార్డు తెరిచాను. అందులో ఇంకో వరస ఉంది. నీలం మూత నొక్కారు. పై మందు స్టాకు సున్నా. కింది మందు దానంతటదే బిల్లైంది. నీలం మూత లిస్టులో పైన ఉన్నది తామర పురుగు మందు, దాని కింద ఉన్నది గడ్డిమందు. కొత్త మందు వచ్చినా ఆ వరుసలో చేరేలా పెట్టింది నేను. ఒకటి లేకపోతే ఇంకొకటి ఇవ్వమన్నదీ నేనే.

మిర్చి పండించే ఇంట్లో పుట్టిన వాణ్ని. పురుగుమందుకు బదులు గడ్డిమందు పడితే చేను ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు ఆ కొట్లో దానంతటదే మారే పద్ధతిని తీసేశాను. తర్వాత నీళ్లు తాగి వస్తానని బయటికి వచ్చి జగదీష్ సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, అది మన తప్పు. ఆ పిల్లది కాదు."

ఆయన అంతా విన్నాడు. "ఎవరికన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పకు. ఆయన అడిగింది ఏంది? బిల్లు ఎవరు కొట్టిన్రని. ఆమెనే గద కొట్టింది? అది ప్రింటు తీసి ఇయ్యి. అండ్ల అబద్ధం ఏమున్నది?"

"మిగతా మూడు కొట్లు సార్?"

"ఆదివారం మామూలు అప్‌డేట్ పోతది గద, అండ్ల పంపుదాం. ఇయ్యాళ పంపితే ఏమైందని అందరు అడుగుతరు. మనకు ముప్పై కొట్లున్నయి కోటేష్. ఆరు ఇండ్లు దాని మీద నడుస్తున్నయి. నీది కూడా."

ఆయన చెడ్డవాడేం కాదు. నా చెల్లెలు దవాఖానాలో ఉన్నప్పుడు అడగకుండానే వచ్చి రెండు రాత్రులు బెంచీ మీద పడుకున్న మనిషి. "సరే సార్" అన్నాను.

ప్రింటు తీశాను. కాగితం మీద ఒకే ఒక్క బిల్లు, కింద పుష్పలత పేరు. వీరబాబు గారు దాన్ని రెండుసార్లు చదివి, "కంపెనీ తరఫున ఓ సంతకం పడేయవయ్యా, గట్టిగా ఉంటది" అన్నాడు. సంతకం పెట్టాను. ఒక్క క్షణం కూడా ఆగకుండా పెట్టాను. ఆ సంగతే ఇప్పుడు తలచుకుంటే నాకు అసహ్యంగా ఉంటుంది.

బయటికి వస్తే నా బండి దగ్గర పుష్పలత నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఓనరు దగ్గర పెట్టిన ఇంటర్ సర్టిఫికెట్ కోసం వచ్చానంది. పొద్దున్నుంచి నిలబడితే ఇవ్వలేదట. మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి చేతులు కట్టుకుంది.

"సార్, తప్పు నాదే. ఆ దినం మీకు సరిగ్గ చెప్పలేకపోయిన."

"ఏ దినం?"

"ఫోన్ చేసిన గద సార్. నీలం మూత నొక్కితే వేరే పేరు వస్తున్నది, ర్యాకు కూడా వేరే చూపిస్తున్నదని చెప్పిన. మూత గదేనా అని అడిగిన్రు. అవ్ సార్ అన్న. కంపెనీ గదేనా అన్నరు. అవ్ అన్న. అయితే స్క్రీను చూపించిందే ఇయ్యి, లైను ఆపకు అన్నరు. అది కొత్త స్టాకు సార్, గడ్డిమందని నాకు తెల్వదు. సీసా తిప్పి చదివితే అయిపోతుండె. లైను పెద్దగున్నది. ఓనరు మొత్తుకుంటున్నడు. ఇచ్చిన."

జేబులోంచి ఫోన్ తీసి చూశాను. పోయిన గురువారం, పది నలభై ఒకటికి, వీరబాబు కొట్టు నంబరు. ముప్పై ఎనిమిది సెకన్లు. అప్పుడు గుర్తొచ్చింది. నేను మధిరలో ఒక కిరాణా కొట్లో ఉన్నాను, ప్రింటరు మొరాయిస్తోంది, చిరాకుగా ఉంది. ఫోన్ పెట్టేశాక ఆ కొట్టాయనతో, ఈ పల్లెటూరి పిల్లలకు ప్రతిదీ చెప్పాల్సిందే అని కూడా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"ఈ సంగతి ఎవరికన్న చెప్పినవా?"

"ఎట్ల చెప్త సార్? మీ మీద వేసిన అంటరు." నేల చూస్తూ అంది. "ఊళ్లె మా అమ్మతోని ఎవరు మాట్లాడ్తలేరు. ముత్తక్క నాకు అత్త వరస, నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. పోయినేడు గట్టు కాడ మా నాయినకు, వాళ్లకు పంచాయితీ అయింది. అది మనసుల పెట్టుకుని కావాల్ననే ఇచ్చిన అంటున్నరు. కొలువు పోతే పోయింది సార్. గా మాట ఒక్కటి నా మీదికెళ్లి పోతే చాలు."

నేను వెనక్కి తిరిగి కొట్లోకి వెళ్లాను. ఆ కాగితం ఇచ్చేయమని వీరబాబు గారిని అడిగాను. జరిగింది చెప్పాను, మూత, లిస్టు, ఫోన్, అంతా. ఆయన మొహం రంగు మారింది. భయమేసిందని నాకు తెలుస్తూనే ఉంది.

"డైరెక్టుగా బిల్లు అవ్వాలని అడిగింది నేనని చెప్తావా ఏంటి?" అన్నాడు.

"అడిగింది మీరే గదండీ."

"సంతకం పెట్టావుగా. ఇంక నాకేం చెప్పకు." కాగితం ఉన్న ఫైలు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అరిచాను, బల్ల కూడా గుద్దాను. లాభం లేకపోయింది. సర్టిఫికెట్ మాత్రం డ్రాయరులోంచి తీసి విసిరినట్టు ఇచ్చాడు. అది తెచ్చి పుష్పలత చేతిలో పెట్టి, బండెక్కమన్నాను.

ఇప్పలగుంపుకు సగం దూరం తారు రోడ్డు, సగం మట్టి. ముత్తక్క చేను గూడేనికి ముందే వస్తుంది. అక్కడే ఉన్నారు అందరూ, ఆఫీసరు వస్తే చూపించడానికి చేను గట్లు శుభ్రం చేస్తున్నారు. బండి దిగి చేను చూశాను. ఆకు ఆకంతా తెల్లబారి, గోధుమరంగు తిరిగి వేలాడుతోంది. పూత రాలిపోయింది. లేత కాయలు కాడల దగ్గర ముడుచుకుపోయి ఉన్నాయి. పక్క చేను, బహుశా పుష్పలత వాళ్లదే, పచ్చగా ఉంది. ఆ పచ్చదనమే ఆ పిల్ల కొంప ముంచి ఉంటుంది.

ముత్తక్కకు యాభై దాటి ఉంటాయి. సన్నని మనిషి. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, దగ్గరికి రాలేదు. గూడెం పెద్దమనిషి జంపయ్య ముందుకు వచ్చాడు. పుష్పలత ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు చెప్పకు. వచ్చినాయన ఉన్నడు గద. ఆయన్నే చెప్పనీ."

నాకు తెలిసిన మాటలన్నీ అప్పుడు పనికిరాకుండా పోయాయి. స్టాకు అనీ, లాగిన్ అనీ, కోడ్ అనీ ఆ చేను ముందు ఎలా చెప్పను? మా అమ్మకు చెప్పినట్టు చెప్పాను.

"కొట్ల ఉన్న మిషన్‌కు పని నేర్పేది నేను. మూత చూపిస్తే మందు ఇయ్యమని నేర్పిన. ఆ మందు అయిపోతే అసొంటి మూత ఉన్న ఇంకో మందు ఇయ్యమని గూడ నేర్పిన. ఆ ఇంకో మందు ఏందో నేను చూడలే. అది గడ్డిమందు. ఈ పిల్లకు అనుమానం వచ్చింది. ఫోన్ చేసి నన్ను అడిగింది. ఇచ్చెయ్ అన్న. నీ చేను ఆమె మాడ్సలేదు అక్కా. నేను మాడ్సిన."

"ఆమె పేరుతోని కాయితం ఉన్నదంట గద?" అన్నాడు జంపయ్య.

"ఉన్నది. దాని మీద ఇందాక సంతకం పెట్టింది గూడ నేనే. రేపు ఆఫీసరు ముందట ఇదే మాట చెప్త. రాసి గూడ ఇస్త."

నా ఫోన్ తీసి ఆ రోజు వచ్చిన కాల్ చూపించాను. జంపయ్య చదివాడు, పక్కనున్న వాళ్లకు చదివి వినిపించాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడతారని సిద్ధపడి వచ్చాను, కొట్టినా పడదామనుకున్నాను. ముత్తక్క నడుచుకుంటూ వచ్చి నన్ను దాటి వెళ్లి పుష్పలత ముందు నిలబడింది. కోయలో ఏదో అంది, నాలుగు మాటలో ఐదు మాటలో. పుష్పలత ఒక్కసారిగా భోరుమంది. ముత్తక్క ఆ పిల్ల తలను భుజం మీదికి లాక్కుంది. ఏమందో నేను అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. పెద్ద బరువు దించుకున్నాననుకున్నాను. నా మంచితనం మీద నాకే కాస్త ముచ్చట కూడా వేసింది. మాడిపోయిన చేలో నిలబడి, సిగ్గులేకుండా.

ముత్తక్క పుష్పలతను వదిలి నా వైపు తిరిగింది.

"గా మిషను ఇంకెవరి కొట్లనన్న ఉన్నదా?"

"ఉన్నది అక్కా. ఇంకో మూడు మందుల కొట్లల్ల."

"వాటికి గూడ నువ్వే నేర్పినవా?"

"నేనే."

"ఇట్లనే నేర్పినవా?"

"ఆదివారం మారుస్తున్నం" అన్నాను.

"ఆదివారం దాంక వాళ్లు మందు కొట్టకుంట ఉంటరా?" అంది. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

ఫోన్ చూశాను. సిగ్నల్ లేదు. "కల్వర్టు కాడ వస్తది సార్" అని పుష్పలత అప్పటికే బండి వైపు పరిగెత్తుతోంది. మట్టి దారిలో ఎలా నడిపానో నాకు తెలియదు. కల్వర్టు దగ్గర రెండు గీతలు వచ్చాయి. ఇంటర్నెట్ మాత్రం రాలేదు.

కల్లూరు కొట్టుకు చేశాను. నీలం మూత మందు ఇంకా రెండు డబ్బాలు ఉన్నాయన్నారు, మూతల పేజీ ముట్టుకోవద్దని చెప్పాను. సత్తుపల్లి కొట్టాయన నిద్ర గొంతుతో, తాను ఆ పేజీ వాడనే వాడనన్నాడు. మూడోది నేలకొండపల్లి. ఆ కొట్టు పద్మావతమ్మ గారిది. భర్త పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. నేను వెళ్లినప్పుడల్లా అన్నం తినకుండా పంపదు.

"ఆ మందా బాబూ? నిన్న పొద్దుగూకినప్పుడే అయిపోయింది. ఇయ్యాళ మిషను దాని పక్కది ఇచ్చింది. పొద్దట్నుంచి నలుగురు తీస్కపోయిన్రు. ఏం, ఏమైంది?"

చెప్పాను. ఆమె ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ముగ్గురు ఆమెకు తెలిసిన వాళ్లు. ఫోన్ పెట్టేసి వాళ్లకు చేసింది. పావుగంట తర్వాత తిరిగి నాకు చేసింది. ఒకాయన సీసా ఇంకా విప్పలేదు. ఒకాయన డ్రమ్ములో కలిపాడు కానీ చేలోకి దిగలేదు. మూడో ఆయన అప్పటికే అరెకరం కొట్టేశాడు, ఫోన్‌లోనే ఏడ్చాడట.

"నాలుగో ఆయన ఎవరో తెల్వది బాబూ" అంది. "కొత్త మొఖం. బస్సు దిగి వచ్చిండు, మళ్ల బస్సెక్కి పోయిండు. ఇంటికాడ మందు కోసం కూలోళ్లు కూసున్నరు, జల్దీ ఇయ్యమ్మా అన్నడు. జల్దీనే ఇచ్చిన."

"ఏ బస్సమ్మా?"

"చూడలే బాబూ."

మర్నాడు ఆఫీసరు ముందు అంతా చెప్పాను, తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాను. వీరబాబు గారు నన్ను అబద్ధాలకోరు అన్నాడు. జగదీష్ సార్ ఆ నెల జీతం లెక్కగట్టి పంపించి నంబరు బ్లాక్ చేశాడు. ఇప్పలగుంపులో పుష్పలత మీద ఇప్పుడు ఎవరూ మాట అనరు. ముత్తక్క కూలికి పోతోంది.

శుక్రవారం నుంచి వారం రోజులు నేను నేలకొండపల్లి చుట్టూ తిరిగాను. ఆ పూట నడిచిన బస్సుల కండక్టర్లను అడిగాను. కూసుమంచి వైపు, ముదిగొండ వైపు ఊళ్లలో ఆగి, మిర్చి మాడిన చేను ఎవరిదైనా ఉందా అని వాకబు చేశాను. ఒకటి రెండు చోట్ల నన్ను పంటలు కొనే బేరగాడనుకున్నారు. చేను పోయిన మనిషి సీసా పట్టుకుని కొట్టు మీదికి గొడవకు వస్తాడని పద్మావతమ్మ గారు రోజూ గుమ్మంలోకి చూస్తూ కూర్చుంది. సీజను అయిపోయింది, ఆయన రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. మందు పాళ్లు ఎక్కువ కలిపాననుకుని ఉంటాడు. ఎండ పూట కొట్టాననుకుని ఉంటాడు. ఏదో ఒక తప్పు తన మీదే వేసుకుని, ఇంట్లో వాళ్ల చేత మాటలు పడుతూ ఉండి ఉంటాడు. నీది కాదయ్యా, నాది అని చెప్పడానికి నాకు ఆయన ఊరు తెలియదు.